గీత కింద రాసిన సంగతులు

లెవోహాలా, లెంబాతా ద్వీపం
12 జనవరి 2008

ఒరేయ్ తార్సీ,

నువ్వు సురబాయాలో బాగున్నావనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. బాగా లేకపోతే ముందు ఆ సంగతి రాయి, తర్వాత ఇది చదువు.

మా బడికి ప్రింటర్ కావాలి. ఆరో తరగతిలో నా పిల్లలు పంతొమ్మిది మంది. మే నెల మధ్యలో వాళ్ళకి ప్రభుత్వ పరీక్ష ఉంది. పోయినేడు పిల్లలు తప్పింది చదువు రాక కాదు, అచ్చు కాగితం మీద ప్రశ్న చూసి బిత్తరపోయారు. పుట్టి బుద్ధెరిగి చూసి ఉంటే కదా! నేను బోర్డు మీద ప్రశ్నలు రాయడం, వాళ్ళు ఎక్కించుకోవడం, అంతలో గంట కొట్టడం, ఇదీ మా చదువు. ఫాదర్‌గారు ఇచ్చిన పాత కంప్యూటర్ ఉంది. జనరేటర్ పొద్దున రెండు గంటలు నడుస్తుంది. ప్రింటర్ ఒక్కటే తక్కువ.

లెవోలెబా పట్నంలో కొట్టుకు వెళ్ళి అడిగాను. ప్రింటర్ ధర విని సంబరపడ్డాను. సిరా డబ్బా ధర విని కూర్చుండిపోయాను. రెండూ దాదాపు ఒకటే! అందుకని మా చేత్తో మేమే సిరా నింపుకోగలిగేది, తక్కువలో దొరికేది ఏదో నువ్వే చూసి చెప్పాలి.

ఈ పనిలో నిన్ను మించినవాడు లేడని నాకు తెలుసు. అమ్మకి మాత్రం నువ్వు ఏసీ గదిలో కూర్చునే ఇంజనీరువి. రెండేళ్ళ కిందట టీచర్ల శిక్షణకి సురబాయా వచ్చినప్పుడు, యూనివర్సిటీ గేటు ఎదురుగా టార్పాలిన్ కింద సిరంజితో ప్రింటర్లకి సిరా ఎక్కిస్తూ కనబడిన మనిషి గురించి నేను ఎవరికీ చెప్పలేదు. ఇక ముందూ చెప్పను. కానీ నువ్వు ఇంటి మొహం చూసి నాలుగేళ్ళయిందిరా! చేతుల మీద సిరా వదిలాక వస్తానంటావు. రోజూ పూసుకుంటూ కూర్చుంటే అదెలా వదులుతుంది?

నీ ఉత్తరం నేనే అమ్మకి చదివి వినిపించాలి కాబట్టి ఎప్పటిలాగే మధ్యలో గీత గియ్యి. గీతకి పైన అమ్మకి, కింద నాకు.

అమ్మ ఒక్క మాట రాయమంది: "వాడి చేతులు బాగున్నాయా అని అడుగు."

అక్క
యుస్తీనా

*

సురబాయా
2 ఫిబ్రవరి 2008

అమ్మా, అక్కా,

నేను బాగున్నాను. ఆఫీసులో పని తెమలడం లేదు. ఏసీ ఎక్కువై కాస్త జలుబు చేసింది, అంతే. వేళకి తింటున్నాను. చేతులు కూడా బాగున్నాయమ్మా.

____________________

అక్కా, చేతుల గురించి ఎందుకు అడిగిందే? నువ్వేమైనా నోరు జారావా? ఆ ముక్క చదివినప్పటి నుంచీ నాకు అన్నం సహించడం లేదు. నిజం చెప్పాలంటే రెండు పూటలే సహించలేదు, మూడో పూట రవోన్ పులుసు దొరికింది.

ఇక అసలు సంగతి. కొన్ని ప్రింటర్ల సిరా డబ్బాలకి చిన్న చిప్పు అతికించి ఉంటుంది. అది ఎన్ని కాగితాలయ్యాయో మనసులో లెక్కేసుకుంటూ ఉంటుంది. లెక్క పూర్తయిందంటే నువ్వు డబ్బా నిండా సిరా పోసినా ఖాళీ ఖాళీ అని మొండికేస్తుంది. దాని జోలికి పోకు. గొట్టాల ప్రింటర్ అని ఇంకోటుంది. సిరా సీసాలు బయట ఉంటాయి, సన్నటి గొట్టాల్లోంచి లోపలికి వెళ్తుంది. నెలకి వేల కాగితాలు తీసేవాళ్ళకి బంగారం. కానీ దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

నీకు నేను చెప్పేది అన్నిటికన్నా చిన్నది. చూడ్డానికి పిల్లల బొమ్మలా ఉంటుంది, ఎవరూ గౌరవించరు. లోపల రెండే డబ్బాలు, ఒకటి నలుపు, ఒకటి రంగులు. పైన కాగితం బిళ్ళ ఊడదీస్తే చిన్న చిల్లులుంటాయి. సిరంజితో మెల్లగా సిరా ఎక్కించి మళ్ళీ బిళ్ళ అతికించడమే. ఎండిపోతే గోరువెచ్చని నీళ్ళలో మూతి ముంచితే చాలు, లేచి కూర్చుంటుంది. నూరు, నూట యాభై కాగితాలకోసారి నింపుకోవాలి, అదొక్కటే విసుగు. పాడైతే ఆ డబ్బా ఒక్కటీ మార్చుకోవచ్చు. కొత్త డబ్బా కొనక్కర్లేదు, నా దగ్గర వాడినవి బస్తాడున్నాయి.

నిన్న ఒక కుర్రది పరిగెత్తుకుంటూ వచ్చింది. "అన్నా, రేపే నా థీసిస్ ఇవ్వాలన్నా, నలుపు అయిపోయిందన్నా, నా ప్రాణం నీ చేతిలో ఉందన్నా!" అంది. "నాలుగేళ్ళ చదువు పది మిల్లీలీటర్ల దగ్గర ఆగిపోయిందా చెల్లీ?" అన్నాను. ఏడుస్తున్నదల్లా నవ్వింది. ఇలాంటివి గీతకి పైన రాసే రోజు వస్తుందో లేదో.

నీ
తార్సి

*

లెవోహాలా
24 ఫిబ్రవరి 2008

తమ్ముడూ,

నీ ఉత్తరం పైభాగం చదివి వినిపించాను. "ఏసీ పడకపోతే కిటికీ తీసుకు కూర్చోమను" అంది అమ్మ. చదవడం అయ్యాక ఎప్పటిలాగే కాగితం చేతిలోంచి లాక్కుని, కిటికీ దగ్గర వెలుగులో అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, బిస్కెట్ల డబ్బాలో దాచుకుంది. నీ ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయి. నేను నోరు జారలేదు, ఒట్టు.

నువ్వు చెప్పిన చిన్న ప్రింటర్ మాట హెడ్మాస్టరు గాస్పర్‌గారి ముందు పెట్టాను. అక్కడే వచ్చింది చిక్కు. ఆయన తాలూకా ఆఫీసులో గొట్టాల ప్రింటర్ చూసొచ్చారట.

"టీచరమ్మా, గొట్టాలున్నదే కావాలి" అన్నారు.

"మనకి అంత పెద్దది ఎందుకు సార్? పంతొమ్మిది మంది పిల్లలు."

"పిల్లల సంగతి కాదమ్మా. ఆస్పత్రిలో సెలైన్ పెట్టినట్టు నాలుగు రంగులు దిగుతుంటే, తనిఖీకి వచ్చినవాడు కుర్చీలోంచి లేచి నిలబడతాడు. నువ్వు చెప్పేది చూస్తే పిల్లలది లాక్కున్నామనుకుంటాడు."

తలిదండ్రులు కూడా ఆయన వైపే. మొక్కజొన్నలు అమ్మి చందా ఇచ్చినవాళ్ళు, బొమ్మలాంటిది చూపిస్తే ఊరుకుంటారా? కాబట్టి గొట్టాలదే పంపించు.

బడి పైకప్పు కారుతోంది. వానలు తగ్గేదాకా ప్రింటర్, కంప్యూటరూ మన ఇంట్లోనే. జనరేటర్ నుంచి తీగ లాగుతామన్నారు. అమ్మ నులక మంచం జరిపి చోటిచ్చింది. ఈ నెల ఆమె నూలుకి రంగు వేయడానికి నీలిమందు కుండ పెట్టింది. మోచేతుల దాకా నీలమే. పెరటి పాకవైపు ఎవరినీ పోనివ్వడం లేదు. మగవాళ్ళు అటు తొంగిచూస్తే రంగు విరుగుతుందంటుంది, ఎవరైనా పోట్లాడుకున్నా విరుగుతుందంటుంది. రంగు ఉన్న దేన్నీ కాళ్ళు దాటే చోట ఉంచకూడదని నిన్న నన్ను చీవాట్లు పెట్టింది. నేను దాటింది ఖాళీ చిప్పరా!

మళ్ళీ రాయమంది. చేతులు బాగున్నాయా?

అక్క

*

సురబాయా
9 మార్చి 2008

అమ్మా, అక్కా,

మా ఆఫీసు స్నేహితుడొకడు మంచి మిషన్ చూసిపెట్టాడు. ఓడలో పంపుతున్నాను. నాకు జలుబు తగ్గింది. చేతులు నిక్షేపంగా ఉన్నాయి.

____________________

అక్కా, ఆఫీసు స్నేహితుడు నేనే. రెండు మధ్యాహ్నాలు కూర్చుని గొట్టాలు అమర్చాను. గాస్పర్‌గారికి నా నమస్కారాలు, ఆయన గౌరవం ఓడెక్కింది.

ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. సిరా సీసాలు నాలుగూ ప్రింటర్ ఉన్న బల్ల మీదే, దాని పక్కనే, సరిగ్గా దాని ఎత్తులోనే ఉండాలి. కింద పెడితే సిరా ఎక్కదు. పైన పెడితే ఇక ఆగదు, ఉన్నదంతా ప్రింటర్‌లోకి దిగి బయటికి వచ్చేస్తుంది. ఎవర్నీ కదపనివ్వకు. రోజుకి ఒక్క కాగితమైనా తియ్యి, లేకపోతే మూతి ఎండిపోతుంది. ఏమీ లేకపోతే గాస్పర్‌గారి ఫొటో తియ్యి.

ఇదంతా పైన రాస్తే, ఏసీ గదిలో కూర్చునేవాడికి ఇన్ని సంగతులు ఎలా తెలుసని అమ్మ అడుగుతుంది. అందుకే కింద రాస్తున్నాను. నువ్వు గుర్తు పెట్టుకో, చాలు.

బ్లీచింగ్ పొడి, నిమ్మకాయ, పళ్ళపొడి అన్నీ అయ్యాయి. ఎర్ర సిరా గోళ్ళ సందుల్లోంచి పోవడం లేదు. ఈ ఏడు క్రిస్మస్‌కి వద్దామనుకుంటున్నాను. పదిహేను రోజుల ముందు కొట్టు మూసేస్తే వదులుతుందేమో.

తార్సి

*

లెవోహాలా
2 ఏప్రిల్ 2008

తార్సీ,

కూర్చుని చదువు.

ప్రింటర్ పదకొండు రోజులు పనిచేసింది. ఎంత ముచ్చటగా పనిచేసిందో! పిల్లలు వేడిగా బయటికొచ్చిన ప్రశ్నపత్రం బుగ్గకి ఆనించుకునేవాళ్ళు. లెక్కలు రెండు సెట్లు, సైన్సు ఒకటి అయ్యాయి. గాస్పర్‌గారు రోజూ వచ్చి గొట్టాలు చూసి వెళ్ళేవారు.

మొన్న సోమవారం బడి నుంచి వస్తుంటే, గుమ్మం దగ్గర మన కోడిపెట్ట ఎదురైంది. దాని కాళ్ళు గులాబీ రంగు. అరుగంతా గులాబీ రంగు అడుగులు. పరుగున లోపలికి వెళ్ళాను.

లోపల ప్రింటర్ కింద నుంచి సిరా బల్ల మీదికి, బల్ల మీంచి నేల మీదికి కారుతోంది. తీసిపెట్టిన ప్రశ్నపత్రాలు ముద్దయిపోయాయి. బల్ల కింద అమ్మ రెండు నెలలు కూర్చుని అద్దకానికి ముడులు కట్టిన నూలు చిలప కూడా తడిసిపోయింది. సీసాలు నాలుగూ గొట్టాలతో సహా కిటికీ పైన అటక మీద, మేరీమాత పటం పక్కన బారుగా ఉన్నాయి. అమ్మ మధ్యలో నిలబడి ఉంది.

"ఏం చేశావమ్మా?" అని అరిచాను.

"ఏం చేశానే? నలుగురూ తిరిగేచోట, మోకాలెత్తున రంగు పెట్టావు. చిన్నపిల్లలు బల్ల కింద నుంచి దూరుతున్నారు, మీద నుంచి దూకుతున్నారు. దోషమని తీసి పైన పెట్టాను."

"పైన పెట్టకూడదమ్మా! కదపొద్దని వాడు రాశాడు కదా!"

అనేశాక నాలుక కరుచుకున్నాను. అమ్మ నా వంక చూసింది.

"ఎప్పుడు రాశాడే? నువ్వు చదవలేదే?"

అమ్మ నా జవాబు కోసం ఆగకుండా నూలు తీసుకుని బావి దగ్గరికి వెళ్ళింది. మూడు నీళ్ళకి రంగంతా పోయింది, ముడులు తెల్లగా బయటపడ్డాయి. "ఇదేం రంగు? దారానికి నిలవదు" అని చిరాకు పడింది. తర్వాత తన వేళ్ళు చూసుకుంది. బూడిద పెట్టి రుద్దింది, సున్నం పెట్టి రుద్దింది. వేళ్ళకి మాత్రం ఆ గులాబీ రంగు అలాగే ఉంది.

లేచి వెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. నీ ఉత్తరాలన్నీ చాప మీద పరిచింది. ఒరేయ్, ప్రతి ఉత్తరం అంచున నీ బొటనవేలి ముద్ర ఉంది! ఒకదాని మీద నీలం, ఒకదాని మీద ఎరుపు, పోయినేడు ఈస్టర్‌కి రాసిన దాని మీద పసుపు. వాటి పక్కన తన వేలు పెట్టి ఒక్కొక్కటే చూసింది. తర్వాత ప్రతి కాగితం మీదా ఉన్న గీత మీద వేలు పెట్టింది.

"ఈ గీత కింద ఉన్నది నువ్వు నాకు ఏనాడూ చదవలేదు. నాకు అక్షరాలు రావు గానీ, గీతలు కనబడవనుకున్నారా అక్కాతమ్ముళ్ళు?"

"ఇప్పుడు చదవనా అమ్మా?"

"నువ్వొద్దు. వాడినే చెప్పమను."

రెండు రోజులైంది. ఉప్పందుకో, కోళ్ళు మూశావా, అంతకు మించి నాతో మాట లేదు. పరీక్ష మే పదమూడున. ప్రింటర్ ఉలకడం లేదు, పలకడం లేదు. అమ్మ కూడా అంతే. ప్రింటర్ సంగతి తర్వాత. ముందు అమ్మకి రాయి.

యుస్తీనా

*

సురబాయా
13 ఏప్రిల్ 2008

అమ్మా,

ఈ ఉత్తరంలో గీత లేదు. అక్కా, ఒక్క ముక్క వదలకుండా చదువు.

నేను ఇంజనీరుని కాదమ్మా. రెండో ఏడు లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పాను. నాలుగోసారికి ఫీజు కట్టాలి. ఆ ఫీజు కోసం నువ్వు అమ్మమ్మ నేసిన పెద్ద సరోంగు బట్ట అమ్మావని అక్క రాసింది. ఆ డబ్బు చేతిలో పట్టుకుని యూనివర్సిటీ గేటు దాకా వెళ్ళి లోపలికి పోలేకపోయాను. గేటు ఎదురుగా ఒక ముసలాయన ప్రింటర్లకి సిరా ఎక్కిస్తుండేవాడు. ఆయన దగ్గర కూర్చున్నాను. ఆయన ఊరెళ్ళిపోయాక ఆ బల్ల నాదైంది.

నాకు ఏసీ లేదు. నెత్తి మీద నీలం టార్పాలిన్ ఉంది. జలుబు మాత్రం నిజం, అది వానకి తడిసి వచ్చింది. ఈ పని నాకు బాగా వచ్చమ్మా. డబ్బా చెవి దగ్గర ఊపితే ఎంత సిరా ఉందో చెప్పగలను. పరీక్షల రోజుల్లో నా బల్ల ముందు ఇరవై మంది నిలబడతారు. "అన్నా అన్నా" అని పిలుస్తారు. ఆ కేకలు వింటే నాకు సంతోషంగా ఉంటుంది. సాయంత్రం బల్ల కట్టేశాక, ఇది అమ్మకి చెప్పలేను కదా అనిపిస్తుంది. ఊరంతా నా కొడుకు ఇంజనీరని చెప్పుకున్నదానివి. నా వేళ్ళు చూస్తే నలుగురిలో నీ తల వంగిపోతుందని భయపడ్డాను. అందుకే నాలుగేళ్ళు రాలేదు. నువ్వు జ్ఞాపకం రాక కాదు.

చేతులు బాగున్నాయా అని ప్రతిసారీ అడిగావు. బాగానే ఉన్నాయమ్మా, శుభ్రంగా లేవు.

నీ నూలు తడవడం నా తప్పే. గీత కింద దాచకుండా రాసి ఉంటే నువ్వు సీసాలు కదిపేదానివి కాదు. పిల్లల కోసం చిన్న ప్రింటర్ ఒకటి కొని పెట్టాను, మొదట నేను చెప్పింది అదే. ఓడలో పంపనా? లేకపోతే నన్నే తెమ్మంటావా? తెమ్మనకపోయినా నేనేమీ అనుకోను.

నీ కొడుకు
తార్సిసియుస్

*

లెవోహాలా
24 ఏప్రిల్ 2008

తార్సీ,

అమ్మ చెబుతోంది, నేను రాస్తున్నాను. మధ్యలో నా సొంత మాట చేర్చకూడదని ఆజ్ఞ.

"ఒరేయ్ నాయనా. ఇంజనీరు అంటే ఏం చేస్తాడో నాకు ఇప్పటికీ తెలీదు. అడిగినవాళ్ళకల్లా ఏసీలో కూర్చుంటాడు, ఏసీలో కూర్చుంటాడు అని చెప్పి చెప్పి విసుగెత్తిపోయింది. అందులో కూర్చుని ఏం చేస్తాడమ్మా అంటే నా దగ్గర జవాబు లేదు. రంగు పనంటే నాకు తెలుసు.

"మొదటి ఉత్తరం మీదే వేలు చూశాను. వీడు రంగు పనిలో పడ్డాడు అనుకున్నాను. మన ఇళ్ళల్లో మగవాడు రంగు కుండ ముట్టకూడదు కదా, అందుకని నాకు చెప్పడానికి జంకుతున్నాడు అనుకున్నాను. కోపం కూడా వచ్చింది. నా పని నేర్చుకుని నా దగ్గరే దాస్తాడా అని. తర్వాత జావాలో పద్ధతులు వేరేమోలే అని సర్దుకున్నాను. నువ్వే చెబుతావని చూస్తున్నాను. నాలుగేళ్ళు చూడనిచ్చావు, దానికి మాత్రం వచ్చాక నీ వీపు విమానం మోత మోగుతుంది.

"చేతులు బాగున్నాయా అని ఎందుకు అడిగానురా? రంగులో నానితే వేళ్ళ సందులు పగులుతాయి. మండుతాయి. రాత్రిపూట కొబ్బరినూనె రాసుకోమని చెబుదామని. నువ్వేమో నిక్షేపంగా ఉన్నాయని రాస్తావు. బ్లీచింగ్ పొడి పెట్టి రుద్దుతున్నావట, యుస్తీనా ఇప్పుడు మొత్తం చదివింది. బుద్ధి ఉందా? అది చర్మం తినేస్తుంది.

"నా చేతులు నలభై ఏళ్ళుగా నీలంగానే ఉన్నాయి. ఈ చేతులతోనే నీకు ముద్దలు పెట్టాను. వద్దని నువ్వు ఒక్కనాడైనా మొహం తిప్పుకున్నావా? మరి నేను తిప్పుకుంటానని ఎలా అనుకున్నావురా?

"సరోంగు పోతే పోయింది. మళ్ళీ నేస్తాను. నీ రంగు నూలుకి పట్టలేదు, పది రోజుల్లో నీలిమందులో ముంచుతాను. ఆ చిన్న మిషన్ నువ్వే పట్టుకుని రా. గొట్టాలొద్దు. గాస్పర్‌తో నేను మాట్లాడాను. గౌరవం కావాలంటే ఇంటికెళ్ళి పెళ్ళాన్ని అడగమన్నాను. పిల్లలకి పరీక్ష దగ్గర పడింది. తొందరగా రా."

ఇంతే చెప్పింది. ఇప్పుడు నా సొంత మాట ఒకటి: గాస్పర్‌గారితో నిజంగానే అలా అంది, నేను పక్కనే ఉన్నాను. ఆయన నవ్వాలో ఏడవాలో తెలియక కొబ్బరిబొండం తాగి వెళ్ళిపోయారు.

కింద ఉన్నది అమ్మ వేలిముద్ర. సంతకం బదులు తనే వేసింది. పాకలోంచి తిన్నగా వచ్చి వేసింది, ఇంకా తడి ఆరలేదు. ఎండాక మడత పెడతాను.

అక్క

*

సురబాయా, ఓడరేవు
3 మే 2008

అమ్మా, అక్కా,

ఓడెక్కే ముందు రాస్తున్నాను. ఈ కాగితం, నేనూ ఒకే ఓడలో వస్తాం కాబట్టి నిజానికి రాయక్కర్లేదు. కానీ అమ్మ బిస్కెట్ల డబ్బాలో ఒక ఉత్తరం తక్కువ కాకూడదని రాస్తున్నాను.

చిన్న ప్రింటర్‌ని గోధుమపిండి సంచిలో చుట్టి, లుంగీలతో బిగించి, ఒళ్ళో పెట్టుకున్నాను. సిరా డబ్బాలు ఆరు, సిరంజిలు పన్నెండు, సిరా రెండు లీటర్లు. సూదుల కోసం ఎవరినీ అడుక్కోవద్దు, అన్నీ ఉన్నాయి. ఎనిమిదో తారీకుకి చేరతాను. పరీక్షకి అయిదు రోజులుంటుంది. పంతొమ్మిది మందికి తలా మూడు సెట్లు తీద్దాం. సిరా నింపడం పిల్లలకే నేర్పుతాను, చేతులు రంగైనా పరవాలేదని అమ్మ చేత చెప్పించు. పాడైపోయిన గొట్టాలదాన్ని పారేయొద్దు. విప్పి కడిగి చూస్తాను, బతికిందంటే గాస్పర్‌గారి గదిలోనే పెడదాం, ఆయన బల్ల ఎత్తులో.

పక్కన కూర్చున్న పెద్దాయన నా వేళ్ళ వంక చూసి, "ఏం పని బాబూ?" అని అడిగాడు. "రంగు పని, మా అమ్మది కూడా ఇదే" అన్నాను.

కొబ్బరినూనె రాసుకుంటున్నానమ్మా. మంట తగ్గింది. ఈసారి చేతులు తోముకోకుండానే వస్తున్నాను.

తార్సి